పాత గుర్తు పోనిదే క్రొత్త దూడ నిలువదు
(క్లోనింగు పశువులను గూర్చి పాడి రైతులకు)

మన సంఘ సభ్యులలో పాడి పశువులు గలవారు ఇటీవల తఱచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. మేలైన ముర్రా గేదె చెవినుండి గోరంత చర్మము తీసి, దానితో అచ్చముగా అటువంటి గేదెనే పుట్టింపవచ్చునని పత్రికలలో చదువుచున్నాము గదా. అట్లైనచో సంతలలో దళారుల మాట నమ్మి మోసపోవుట యేల? సంఘమే మంచి పశువు నొక్కదానిని కొని, దానికి నూఱు ప్రతులు తీయించి సభ్యులకు పంచరాదా? అని వారి ప్రశ్న.

ప్రశ్న సమంజసమైనదే. పాలపై బ్రతుకు సాగించు కుటుంబమునకు ఒక్క గేదె మంచిచెడ్డలే సంవత్సరాదాయమును నిర్ణయించును. కాని దీనికి ఔనని గాని కాదని గాని ఒక్కమాటలో ఉత్తరమిచ్చుటవలన రైతునకు మేలు కలుగదు. క్లోనింగు నిజము, మన దేశమునందే 2009 నుండి అట్టి గేదె దూడలు పుట్టినవి. నాటిన పిండములలో అధికభాగము నిలువకుండుటయు అంతే నిజము. ఆ నష్టమునకు గల కారణమును శాస్త్రజ్ఞులు చాలవఱకు కనుగొనిరి. అది తెలిసికొన్న రైతు ఈ విద్యను గూర్చి తానే తీర్పు చెప్పుకొనగలడు. అందులకే ఈ వ్యాసము.

ప్రతిరూపము చేయు విధానము

సహజముగా దూడ పుట్టుటకు ఆబోతు వీర్యకణమును, ఆవు అండమును కలియవలెను. జన్యువులు తండ్రినుండి సగము, తల్లినుండి సగము వచ్చును. ఏ సగము వచ్చునో ముందుగా నెవ్వరును చెప్పజాలరు. అందుచేతనే మేలైన ఆవును మేలైన ఆబోతుచే దాటించినను, పుట్టిన పెయ్య తల్లి యంత పాడి యిచ్చునని పూచీ లేదు.

క్లోనింగునందు ఈ కలయిక లేదు. కోరిన పశువు చెవినుండి గాని తోకనుండి గాని చిన్న చర్మపు ముక్క తీసి, అందలి కణములను ప్రయోగశాలలో పెంచుదురు. వేఱొక పశువు అండమును తెచ్చి, దాని సొంత జన్యువులుండు కేంద్రకమును తొలగింతురు. ఆ వట్టి అండముతో చర్మకణమును చేర్చి, స్వల్ప విద్యుత్ప్రవాహముచే రెంటిని ఏకము చేయుదురు. వారము దినములు పెంచిన పిదప ఏర్పడిన పిండమును మూడవ పశువు గర్భసంచిలో నుంచుదురు. కాగా జన్యువు లిచ్చినది యొకటి, అండ మిచ్చినది మఱియొకటి, మోసి కన్నది వేఱొకటి. చూడి మోసిన తల్లికిని దూడకును రక్తసంబంధము లేదు. అయినను ప్రసవకష్టము మాత్రము దానిదే. ఈ సంగతిని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

ఈ విధముగా పెద్ద పశువు కణమునుండి పుట్టిన మొదటి పాలిచ్చు జంతువు డాలీ యను గొఱ్ఱెపిల్ల. ఇది స్కాట్లండునందలి రోజ్లిన్ సంస్థలో 1996 జూలై 5వ తేదీన పుట్టెను. దీని కొఱకు 277 అండములతో పొదుగు కణములను కలిపిరి. వానిలో 29 మాత్రమే నాటదగిన పిండములయ్యెను. వానిని 13 గొఱ్ఱెలలో నాటగా, ప్రాణముతో భూమిపై బడినది డాలీ యొక్కటియే. 1998లో జపాను శాస్త్రజ్ఞులు ఒకే ఆవు కణములతో చేసిన పది పిండములను నాటి ఎనిమిది దూడలను పొందిరి. అది మిక్కిలి ఘనమైన ఫలితము. కాని ఆ ఎనిమిదింటిలో నాలుగు, పుట్టుటలోనో పుట్టిన కొలది కాలమునకో చనిపోయెను. నేటికిని పశువులలో నాటిన క్లోనింగు పిండములు నూటికి పదింటికి మించి దూడలగుట అరుదు.

చేనికి చల్లిన విత్తులలో నూటికి తొంబది మొలవకున్న రైతు ఆ విత్తును మరల కొనడు. మొదట విత్తునందలి లోపమేమో విచారించును. ఇచట చిత్రమేమనగా, విత్తునందు లోపము లేదు. జన్యువులు ఆ మేలైన పశువువే. ఒక్క అక్షరమైనను మార్చలేదు. మఱి నష్టమెచ్చట?

జన్యువులపై నుండు గుర్తులు

గేదె కంటి కణమునందును, గిట్ట కణమునందును, పొదుగు కణమునందును ఉండు జన్యువులు ఒక్కటే. సంఘమునందు పెద్ద పుస్తక మొక్కటే యున్నను, అప్పుల గుమాస్తా తన పుటలనే తెఱచును; ఎరువుల గుమాస్తా తన పుటలనే తెఱచును. తక్కినవి మూయబడియే యుండును. కణములలోను ఇట్లే జరుగును. చర్మకణము చర్మమునకు కావలసిన జన్యువులను మాత్రమే చదివి, పాల జన్యువులను, మెదడు జన్యువులను మూసియుంచును.

ఏ పుట తెఱవవలెనో ఏ పుట మూయవలెనో తెలుపుటకు జన్యువులపై రసాయనిక గుర్తు లుండును. వీనిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది మిథైల్ అను మిక్కిలి చిన్న రసాయనము. ఇది జన్యుతంతువున కంటుకొని, సామాన్యముగా ఆ చోటి జన్యువునకు తాళము వేయును. రెండవది జన్యుతంతువు చుట్టుకొనియుండు హిస్టోన్ అను మాంసకృత్తులపై నుండు గుర్తులు. నేతగాని కండెకు నూలు చుట్టినట్లు జన్యుతంతువు ఈ హిస్టోన్లకు చుట్టుకొని యుండును. చుట్టు బిగువైన జన్యువు చదువబడదు, వదులైన చదువబడును. ఈ గుర్తులను గూర్చిన శాస్త్రమునకే ఎపిజెనెటిక్స్ అని పేరు.

చర్మకణము విభజన పొంది రెండైనప్పుడు గుర్తులును కూడ రెంటికి సంక్రమించును. అందుచేతనే చర్మము చర్మముగను, ఎముక ఎముకగను నిలిచియున్నవి. కాని క్రొత్త జీవి ఏర్పడునపుడు ఈ స్థిరత్వమే అడ్డంకి యగును. ఒక్క కణమునుండి సర్వావయవములు రావలెనన్న పాత గుర్తులను తుడిచి, పుస్తకమును మొదటి పుటనుండి చదువవలెను. ప్రకృతి యీ పనిని రెండు మారులు చేయును. అండమును వీర్యకణమును కలిసిన పిదప, తొలి దినములలో తండ్రి గుర్తులను త్వరగను, తల్లి గుర్తులను క్రమక్రమముగను తుడిచివేయును. మఱల, పిండమునందు భావి వీర్యకణములకును అండములకును మూలమగు కణములు ఏర్పడునపుడు, మిగిలిన గుర్తులను సైతము తుడిచి క్రొత్తవి వేయును. ఈ రెండవ తుడుపు సంగతి ముందు మనకు మిక్కిలి అక్కఱకు వచ్చును.

తోప్ కా సాంచా చెప్పు పాఠము

ట్రూప్ బజారునందలి సహకార అపెక్సు బ్యాంకు పనిమీద అబిడ్సు ప్రాంతమునకు వచ్చు సభ్యులకు గన్‌ఫౌండ్రీ తెలిసిన చోటే. నిజాము కొలువునందు సేనానిగా నుండిన రేమొండ్ అను ఫ్రెంచి దేశీయుడు 1786లో ఇచట ఫిరంగులు పోతపోయు కర్మశాలను కట్టించెను. నగర జనులు దానికి తోప్ కా సాంచా, అనగా ఫిరంగి మూస, అని పేరిడిరి. కర్మశాల మూతబడి చాలకాలమైనను పేట పేరు నిలిచినది.

పోతపని యెఱిగినవారికి ఒక సంగతి తెలియును. పాత లోహపు సామానును కరిగించి క్రొత్తది పోయునపుడు లోహము లోలోపలి వఱకు కరుగవలెను. ఎచ్చటనైన కరుగని పెడ్డ మిగిలినచో, క్రొత్త వస్తువు పైకి నున్నగానే కన్పట్టును. బరువు పడినప్పుడు ఆ పెడ్డ యున్న చోటనే పగులును. లోహము మంచిదే, మూసయు మంచిదే, కరిగించుటయే చాలలేదు.

క్లోనింగు పిండముల కథ సరిగా నిదియే. వీర్యకణము తయారగుటకు ఆబోతు శరీరమున సుమారు రెండు మాసములు పట్టును. ఆ కాలమున దాని జన్యుతంతువు ప్రత్యేకముగా మడువబడి, అండమునందు త్వరగా విప్పబడుటకు సిద్ధమగును. అండమునందలి ద్రవ్యములు ఆ వీర్యకణమును కరిగించుటకే యేర్పడినవి. మనము దాని కొక చర్మకణము నిచ్చి, మాసముల పనిని కొలది గంటలలో చేయుమనుచున్నాము. అండము తన శక్తికొలది చేయును, చాలవఱకు చేయును, అచ్చటచ్చట పెడ్డలు మిగులును. 2001లో వేర్వేఱు దేశముల శాస్త్రజ్ఞులు క్లోనింగు ఆవు పిండములను పరీక్షించి, వానిలో అనేకము తొలిదశయందు తుడుపబడవలసిన మిథైల్ గుర్తులను తుడుచుకొనక చర్మకణముల పోలికనే నిలుపుకొనియున్నవని ప్రకటించిరి.

కప్పలపై చేసిన పరిశోధన మఱింత స్పష్టమైనది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ గర్డన్ ఈ విద్యకు ఆద్యులలో నొకడు. 2012లో నోబెలు బహుమానము పొందెను. ఆయన పరిశోధనాలయమున కండరపు కణముల కేంద్రకములను కప్ప అండములలో నుంచగా, ఏర్పడిన పిండములు కొన్ని కండరము కావలసిన పనిలేని భాగములందును కండరపు జన్యువులను చదువుచుండెను. కణము తన పూర్వవృత్తిని మఱవలేదన్నమాట.

పిల్లి రంగును గూర్చిన దృష్టాంతము సామాన్యులకును తెలియదగినది. 2001 డిసెంబరున అమెరికాలో, నలుపు నారింజ తెలుపు కలిసిన మూడు రంగుల పిల్లికి ప్రతిరూపముగా ఒక పిల్లపిల్లిని పుట్టించిరి. దానికి నారింజ రంగు రానే లేదు. ఆడజంతువు కణములందు రెండు ఎక్స్ తంతువు లుండి, ఒకటి మూయబడి యుండును. నారింజ రంగు తంతువు మూయబడిన కణమును వారు తీసికొనిరి; ఆ తాళము తెఱవబడలేదు. కావున ప్రతిరూపము ప్రతిరూపమే యయ్యు చూపునకు వేఱయ్యెను.

గుర్తులు మిగిలినచో కలుగు కీడు

పిల్లి రంగు మారుటవలన ఎవ్వరికిని నష్టము లేదు. కాని పశువునందు ఆ మిగిలిన గుర్తులు మావిపైనను, పెరుగుదలపైనను పడును. తల్లి పక్షపు ప్రతి చదువవలెనో తండ్రి పక్షపు ప్రతి చదువవలెనో ముందే ముద్రింపబడిన జన్యువులు కొన్ని కలవు. వీనిలో పిండమును పెంచునవి కొన్ని, పెరుగుదలకు పగ్గము వేయునవి కొన్ని. ప్రకృతి వీని ముద్రలను మొదటి తుడుపులో ముట్టదు. క్లోనింగునందు ఈ ముద్రలు చెడుటవలన పగ్గము తెగి, దూడ కడుపులో మితిమీఱి పెరుగును. మామూలు బరువునకు ఒకటిన్నర రెట్లు దాటిన దూడలును పుట్టినవి. తల్లికి నొప్పులు సరిగా రాకపోవుట, దూడ అడ్డము పడుట, కడుపు కోసి తీయవలసివచ్చుట, పుట్టిన దూడ ఊపిరి పీల్చలేకుండుట, నాలుక లావెక్కుట, బొడ్డు వాచుట మున్నగునవి దీని ఫలితములు.

మావి విషయ మింతకంటె ముఖ్యము. ఆవు గేదెలలో మావి గర్భసంచి గోడకు గుండీల వలె అనేకస్థలముల నతుకుకొని యుండును. క్లోనింగు చూడులలో ఈ గుండీలు తక్కువగా నుండి, ఉన్నవి మిక్కిలి పెద్దవై యుండుట తఱచు. పిండమునకు ఆహారము చాలదు; కొన్నింటిలో పిండము చుట్టు నీరు విపరీతముగా చేరి, తల్లి కడుపు ఉబ్బి, తల్లి ప్రాణమునకే ముప్పు వచ్చును. మామూలు చూడి మూడు మాసములు దాటినచో రైతు గుండె కుదుటపడును. క్లోనింగు చూడికి ఆ ధైర్యము లేదు. నెలలు నిండువఱకును పోవుచునే యుండును. పాడి వదలి, మేత తిని, తుదకు దూడయు దక్కని పశువు ఒక బీద కుటుంబమున కెంత భారమో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు.

ఇచట న్యాయముగా ఒక మాట చేర్చవలెను. తొలి గండములు గడచిన ప్రతిరూపములు చాలవఱకు మామూలు పశువులవలెనే జీవించును. డాలీ 2003 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల వ్యాధిచే చనిపోయినప్పుడు క్లోనింగు పశువులు త్వరగా ముసలివగునని లోకమంతయు అనుకొనెను. కాని అదే పొదుగు కణములనుండి పుట్టిన నాలుగు గొఱ్ఱెలను ఇంగ్లండునందలి నాటింగ్‌హాము విశ్వవిద్యాలయమువారు పెంచి, 2016లో పరీక్షించి, అవి వయస్సునకు తగిన ఆరోగ్యముతోనే యున్నవని తెలిపిరి. గండము ముసలితనమున గాదు; గర్భమునందును, పుట్టిన తొలి వారములందును.

కర్నాలు అనుభవము

మన దేశమున ఈ విద్యలో ముందంజ వేసినది హర్యానాలో కర్నాలునందలి జాతీయ పాడి పరిశోధన సంస్థ. అచ్చటివారు ఖరీదైన సూక్ష్మయంత్రము లేకుండ, సన్నని కత్తితో అండమును చేతనే కోసి కేంద్రకమును తొలగించు సులభపద్ధతిని గేదెలకు అనువుగా మార్చుకొనిరి. 2009 ఫిబ్రవరి 6న సమరూప యను పెయ్య పుట్టి, వారము నిండకుండగనే ఊపిరితిత్తుల వ్యాధితో చనిపోయెను. అదే యేట జూన్ 6న గరిమ పుట్టి రెండేండ్లకు పైగా జీవించి 2011లో మరణించెను. 2010 ఆగస్టులో పుట్టిన గరిమ-2 పెరిగి, ఎదకు వచ్చి, మామూలుగా కృత్రిమ గర్భోత్పత్తిచే చూడిదై, 2013 జనవరి 25న మహిమ యను పెయ్యను ఈనెను. ఈ మూడు బ్రతుకులే క్లోనింగు కథ నంతయు చెప్పుచున్నవి: ఒకటి వారములో పోయినది, ఒకటి రెండేండ్లు మనినది, ఒకటి తల్లియైనది. 

హర్యానాయందే హిస్సారునందలి కేంద్రీయ గేదెల పరిశోధన సంస్థలో 2015 డిసెంబరున హిస్సార్ గౌరవ్ అను దున్నదూడ పుట్టెను. తరువాత అదే సంస్థవారు ఎం-29 అను మేలైన ముర్రా దున్నపోతునకు ఏడు ప్రతిరూపములను పొందిరి. 2023 మార్చి 16న కర్నాలునందు గంగ యను గిర్ జాతి పెయ్య పుట్టెను. దీని అండము సాహివాల్ ఆవుది, జన్యువులు గిర్ ఆవువి.

మన హైదరాబాదునకును ఈ కథలో కొంత పాలు గలదు. 1977లో స్థాపితమై హబ్సిగూడ ప్రాంతమున నున్న సి.సి.ఎం.బి. యను కణ పరిశోధనాలయమువారు, 2000 దశకపు తొలి యేండ్లలో, మన దేశమున అంతరించిన ఆసియా చీతాను ఇరాను చీతా కణములతో క్లోనింగు చేయ సంకల్పించిరి. ఇరాను ప్రభుత్వము జంతువును గాని కణములను గాని ఇచ్చుట కంగీకరింపలేదు. సంకల్ప మచ్చటితో నిలిచెను. 2010లో పశువుల కొఱకే ప్రత్యేకముగా జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఈ నగరముననే ఏర్పడెను. ఇవి పరిశోధనాలయములు, దూడలనమ్ము అంగళ్లు కావు. ఈ సంగతి తెలియక పేర్లు చెప్పి ఎవరైన సొమ్ము గుంజజూచినచో సభ్యులు మోసపోరాదు.

పెడ్డను కరిగించు యత్నములు

గుర్తు లెచ్చట మిగులునో తెలిసిన పిదప వానిని తుడుచు ఉపాయములను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ట్రైకోస్టాటిన్ అను మందు హిస్టోన్ల చుట్టును వదులుచేయును. దీనిలో కొన్ని గంటలుంచిన చుంచు పిండములు ఎక్కువగా నిలిచినవని 2006లో జపానువారు చూపిరి; గేదె పిండములపైనను దీనిని ప్రయోగించిరి. 2010లో అదే దేశమువారు, ఎక్స్ తంతువును అకాలమున మూయు జన్యువును అణచినచో చుంచులలో క్లోనింగు ఫలితము అనేకరెట్లు పెరుగుననిరి. 2014లో అమెరికావారు, బిగిసిన హిస్టోన్ గుర్తులలో నొకదానిని తుడుచు మాంసకృత్తును అండమున కందించి మఱింత ఫలితము పొందిరి. ఈ ఉపాయములలో కొన్నిటిని కలిపియే చీనా దేశమువారు 2017 చివరలో రెండు కోతిపిల్లలను పుట్టించిరి. కాని దానికై 21 తల్లులలో పిండములను నాటవలసివచ్చెను.

ఇన్ని మెలకువలు తెలిసినను పూర్తి విజయము చేజిక్కలేదు. కారణము సులభము. మందు గుర్తుల నన్నిటిని ఒక్కటిగా వదులుచేయును. ఏది తుడువవలెనో ఏది ఉంచవలెనో దానికి తెలియదు. ఎక్కువ వేసిన ఉండవలసిన తల్లిదండ్రుల ముద్రలును పోవును. తక్కువ వేసిన పెడ్డ కరుగదు.

దోషము సంతతికి అంటునా?

సభ్యులు తప్పక అడుగవలసిన ప్రశ్న యిది. క్లోనింగు దున్నపోతు వీర్యముచే మన గేదెలు చూడిదైనచో ఆ దోషము దూడల కంటునా? అంటదు. మేము పైన చెప్పిన రెండవ తుడుపు ఇచట అక్కఱకు వచ్చుచున్నది. ప్రతిరూపము తన వీర్యకణములను తయారుచేసికొనునపుడు ప్రకృతి పాత గుర్తులను తుడిచి, సహజక్రమమున క్రొత్తవి వేయును. మనుష్యుడు సగము చేసిన పనిని ప్రకృతి పూర్తి చేయుచున్నది. గరిమ-2 కడుపున మహిమ మామూలుగా పుట్టుటకు కారణ మిదియే. పాలు మాంసముల విషయమున, ఆవు పంది మేకల ప్రతిరూపముల నుండి వచ్చు ఆహారము మామూలు ఆహారమువంటిదేయని అమెరికా ఆహారౌషధ శాఖవారు 2008 జనవరిలో నిర్ణయించిరి. ఐరోపా పార్లమెంటు 2015లో క్లోనింగును నిషేధింపవలెనని తీర్మానించుటకు ముఖ్యకారణము పశువులు పడు బాధ.

కాబట్టి క్లోనింగునకు ఉచితమైన స్థానము లేకపోలేదు. ఒక దున్నపోతు మేలైనదో కాదో తేలవలెనన్న దాని కుమార్తెలు ఈని పాలిచ్చువఱకు ఆగవలెను. అంతలో ఏండ్లు గడచి ఆ దున్నపోతు ముసలిదో గతించినదో యగును. అట్టి పరీక్షకు నిలిచినదాని కణములను దాచి ప్రతిరూపము తీసినచో దాని వీర్యము మఱికొన్నేండ్లు లక్షల గేదెలకు దక్కును. ఇచట ఒక్క ప్రతిరూపము దక్కినను ఫలము పెద్దది. నష్టము పరిశోధనాలయము భరించును. మన ఒంగోలు జాతి సంతతియగు నెల్లూరు పశువులు విస్తారముగా నున్న బ్రెజిలు దేశమున క్లోనింగు పశువులను జాతి పుస్తకములలో నమోదు చేయుచున్నారు. కాని అది గొప్ప ధనికుల మందలలో మేటి పశువుల కొఱకు చేయు పని. సన్నకారు రైతు చావడిలో చేయదగినది కాదు.

మన మందలకు తగిన త్రోవ

కావున సంఘము నూఱు ప్రతులు తీయించి పంచరాదా యను ప్రశ్నకు మా ఉత్తర మిది. నూఱు దూడలు కావలెనన్న వేయికి మించిన తల్లులను పణముగా పెట్టవలెను. అందు పోవు చూడులు, చచ్చు తల్లులు మన సభ్యులవి. సంఘపు మూలధనమును అట్టి జూదమునకు వినియోగింపరాదు. క్లోనింగు దున్నపోతు వీర్యము ప్రభుత్వ వీర్యకేంద్రముల ద్వారా వచ్చినచో దానిని అనుమానింప నక్కఱలేదు; అట్లని పేరు చూచి మురియనును అక్కఱలేదు. ప్రతిరూపము విలువ మూలపశువు విలువయే. ఆ మూలపశువు కుమార్తెలు ఎంత పాలిచ్చుచున్నవో అడిగి తెలిసికొనుడు.

సభ్యులు నేడే చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, గర్భోత్పత్తి చేయించినప్పుడెల్ల గడ్డిపరక వంటి ఆ వీర్యనాళికపై ముద్రించియుండు ఆబోతు సంఖ్యను వ్రాసికొనుడు. పశువు చెవి బిళ్లపై నుండు పండ్రెండంకెల సంఖ్యకు ఎదురుగా దానిని చేర్చుడు. తండ్రి తెలియని పెయ్యను ఎన్నేండ్లు పెంచినను జాతి బాగుపడదు. రెండవది, నెల కొక్క దినమైనను రెండు పూటల పాలు కొలిచి లెక్క వ్రాయుడు. వేయి గేదెల లెక్కలు సంఘమునందు చేరినచో, ఏ దున్నపోతు కుమార్తెలు మేలైనవో ఆ పుస్తకమే చెప్పును. క్లోనింగునకు తగిన పశువేదో తెలియుటకును ఈ లెక్కలే ఆధారము. లెక్క లేనిచో ప్రతి తీయుటకు మూలమే లేదు.

మూడవది మేత. జన్యువులపై గుర్తులు పడుట క్లోనింగు పిండములకే గాక ప్రతి దూడకును జరుగును. నాటింగ్‌హామువారు 2007లో ప్రకటించిన ప్రయోగమునందు, చూలు నిలుచుటకు ముందును, నిలిచిన తొలి దినములందును బి-12 మున్నగు పోషకములు తక్కువైన గొఱ్ఱెల పిండములను మంచి మేత గల తల్లులలో నాటి పెంచిరి. పుట్టిన పిల్లలు పైకి బాగుగనే యుండెను. పెద్దవైన పిదప క్రొవ్వు పెరిగి, రక్తపుపోటు హెచ్చెను. ఈ దోషము పోతులలో ముఖ్యముగా కన్పట్టెను. మిథైల్ గుర్తు తయారగుటకు ఈ పోషకములే కావలెను. ఆవు గేదెల కడుపులోని సూక్ష్మజీవులు బి-12ను తామే చేయును. కాని దానికి కోబాల్టు అను ఖనిజము ఉండవలెను. ఖనిజలవణ మిశ్రమమునందు ఇది గలదు. చూడి నిలిచిన తరువాత గాక, ఎదకు రాకముందే దానిని దాణాలో కలుపుట మేలు. పరిశోధనాలయమున గొప్ప పరికరములతో సరిచేయజూచు ఆ గుర్తులకు, చావడిలో పిడికెడు దాణాతో రైతు చేయగల సహాయ మిది.

పాడిని చూచి బఱ్ఱెను, తల్లిని చూచి పిల్లను తెచ్చుకొమ్మని మన పెద్దలు చెప్పిరి. తల్లి పోలిక జన్యువులలోనే గాక, ఆ జన్యువులను చదువు గుర్తులలోను ఉన్నదని నేటి శాస్త్రము చేర్చుచున్నది. శాస్త్రజ్ఞులు ఆ గుర్తులను పూర్తిగా తుడుచు విద్యను సాధించిన దినమున ఆ సంగతిని ఈ పత్రికయందే సంతోషముతో ప్రకటింతుము. అంతవఱకు సభ్యులు తమ పాల లెక్కలను నెలనెల సంఘ కార్యాలయమునకు పంపుచుండవలెనని కోరుచున్నాము.